పచ్చిక బటర్‌కప్, ప్రాకే బటర్‌కప్

'''పచ్చిక బటర్‌కప్''' (శాస్త్రీయ నామం: రానన్‌కులస్ ఆక్రిస్), '''ప్రాకే బటర్‌కప్''' (శాస్త్రీయ నామం: రానన్‌కులస్ రెపెన్స్) అనేవి రానన్‌కులేసి కుటుంబానికి చెందిన రెండు అడవి పూలమొక్కలు. రెండూ ఒకే ప్రజాతికి చెందిన వేర్వేరు జాతులు. రెండూ బహువార్షికాలు. రెండింటికీ మెరిసే పసుపుపచ్చని పువ్వులు పూస్తాయి. యూరప్, సమశీతోష్ణ ఆసియా ప్రాంతాలు వీటి జన్మస్థానాలు. పచ్చికబయళ్ళలో ఇవి తరచుగా పక్కపక్కనే పెరుగుతాయి కనుక వీటిని ఒకే మొక్కగా భావించేవారు ఎక్కువ. అయితే ఈ రెండింటి కాండం, ఆకు, పూలకాడ, వ్యాప్తి చెందే విధానం, విషతీవ్రత వేరువేరుగా ఉంటాయి. పశువులను మేపేవారికి, కలుపు తీసేవారికి, వృక్షశాస్త్ర విద్యార్థులకు ఈ భేదం తెలియడం అవసరం.

== పేరు ==

లాటిన్ భాషలో 'రానా' అంటే కప్ప. 'రానన్‌కులస్' అంటే చిన్న కప్ప. ఈ ప్రజాతికి చెందిన అనేక మొక్కలు కప్పల వలెనే నీటి ఒడ్డున, తేమ నేలలలో పెరగడం వలన ఈ పేరు వచ్చిందని చెబుతారు. 'ఆక్రిస్' అంటే ఘాటైనది, మంట పుట్టించేది అని అర్థం. ఇది మొక్క రసానికి ఉన్న గుణాన్ని తెలుపుతుంది. 'రెపెన్స్' అంటే ప్రాకేది అని అర్థం. ఇది మొక్క పెరిగే తీరును తెలుపుతుంది. అనగా రెండు జాతుల ముఖ్య లక్షణాలు వాటి పేర్లలోనే ఉన్నాయి.

ఆంగ్లంలో వీటిని మెడో బటర్‌కప్, క్రీపింగ్ బటర్‌కప్ అని వ్యవహరిస్తారు. వెన్నవంటి పసుపు రంగు, గిన్నెవంటి ఆకారం కలిగిన పువ్వు కావడం వలన బటర్‌కప్ అనే పేరు సరిగా కుదిరింది. తెలుగునాట ఈ జాతులు సహజంగా పెరగవు. అందువలన ఈ వ్యాసంలో ఆంగ్ల నామాలకు తెలుగు అనుసరణలను వాడడమైనది.

== వర్గీకరణ ==

ఈ రెండు జాతులకూ స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో ప్రచురించిన 'స్పీసిస్ ప్లాంటారమ్' గ్రంథంలో నామకరణం చేశాడు. బెంథామ్, హుకర్ వర్గీకరణలో ద్విదళబీజ మొక్కలు రానన్‌కులేసి కుటుంబంతోనే ప్రారంభమవుతాయి. కేసరాలు అనేకంగా ఉండడం, ఫలదళాలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉండడం వంటి లక్షణాలను ఆనాటి శాస్త్రజ్ఞులు ప్రాచీన లక్షణాలుగా పరిగణించారు. అందువలన ఈ కుటుంబానికి పాఠ్యపుస్తకాలలో ప్రముఖ స్థానం లభించింది.

పైకి ఒకేలా కనిపించినా ఈ రెండు జాతుల క్రోమోసోముల సంఖ్యలో చాలా తేడా ఉంది. పచ్చిక బటర్‌కప్ కణాలలో సాధారణంగా 14 క్రోమోసోములు ఉంటాయి. ఇది ద్వయస్థితిక మొక్క. ప్రాకే బటర్‌కప్ కణాలలో 32 క్రోమోసోములు ఉంటాయి. ఇది చతుస్థితిక మొక్క.

== ఉమ్మడి లక్షణాలు ==

రెండింటిలోనూ ఆకులు ఏకాంతరంగా అమరి ఉంటాయి. మొక్క మొదట్లో పొడవైన పత్రవృంతాలు గల ఆకులు గుంపుగా ఉంటాయి. కాండం పైకి పోయిన కొద్దీ ఆకులు చిన్నవవుతాయి, వాటి తమ్మెలు సన్నబడతాయి. పువ్వులో సాధారణంగా 5 రక్షక పత్రాలు, 5 ఆకర్షక పత్రాలు, అనేక కేసరాలు, అనేక విడి ఫలదళాలు ఉంటాయి. ప్రతి ఆకర్షక పత్రం మొదట్లో ఒక చిన్న పొలుసు, దాని చాటున మకరంద గ్రంథి ఉంటాయి. ఒక్కొక్క ఫలదళం ఒకే విత్తనం గల ఎకీన్‌గా మారుతుంది. ఈ ఎకీన్లన్నీ ఒక గుండ్రని తలవలె గుమిగూడి ఉంటాయి.

=== పువ్వు మెరుపు ===

బటర్‌కప్ పువ్వుకు ఉన్న అద్దం వంటి మెరుపు చాలా ఇతర పూలలో కనిపించదు. ఈ పువ్వును గడ్డం కింద పెడితే చర్మంపై పసుపు వెలుగు పడుతుంది. అలా పడితే వారికి వెన్న ఇష్టమని చెప్పుకోవడం బ్రిటన్‌లో పిల్లల ఆట. 2011లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రాకే బటర్‌కప్ ఆకర్షక పత్రాలను పరిశీలించి ఈ మెరుపునకు కారణాన్ని వివరించారు. ఆకర్షక పత్రం పైపొర కణాలు మిక్కిలి చదునుగా ఉంటాయి. వాటిలో పసుపు వర్ణకం ఉంటుంది. ఆ పొర కింద పలుచని గాలి ఖాళీ ఉంటుంది. దాని కింద పిండిపదార్థంతో నిండిన తెల్లని కణాల పొర ఉంటుంది. చదునైన పైపొర, దాని కింది గాలి ఖాళీ కలసి కాంతిని అద్దం వలె తిప్పికొడతాయి. అడుగున ఉన్న పిండిపదార్థపు పొర మిగిలిన కాంతిని చెదరగొట్టి పసుపు రంగును మరింత గాఢం చేస్తుంది. ఈ పువ్వు అతినీలలోహిత కాంతిని కూడా పరావర్తనం చేస్తుంది. ఆ కాంతిని చూడగల కీటకాలకు ఇది దూరం నుండే గుర్తుగా పనిచేస్తుంది.

== పచ్చిక బటర్‌కప్ లక్షణాలు ==

ఈ మొక్క నిటారుగా పెరుగుతుంది. సాధారణంగా 30 నుండి 100 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఎదుగుతుంది. కాండం కింది భాగంలో కొమ్మలు తక్కువగా ఉండి, పైభాగంలో విస్తారంగా చీలుతుంది. భూమి లోపల పొట్టి కొమ్ము, దాని నుండి పీచువేళ్ళు ఉంటాయి. నేలపై ప్రాకే తీగలు ఉండవు.

ఆకు హస్తాకారంలో, 3 నుండి 7 తమ్మెలుగా లోతుగా చీలి ఉంటుంది. ప్రతి తమ్మె మరల చిన్న చిన్న భాగాలుగా చీలుతుంది. మధ్య తమ్మెకు ప్రత్యేకమైన కాడ ఉండదు. ఇది ఈ జాతిని గుర్తించడానికి ముఖ్యమైన ఆనవాలు. పూలకాడ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, దానిపై గాళ్ళు ఉండవు. పువ్వు వెడల్పు సుమారు 18 నుండి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. రక్షక పత్రాలు పువ్వుకు ఆనుకొని పరచుకొని ఉంటాయి, కిందికి ముడుచుకోవు. పుష్పాసనం మీద నూగు ఉండదు.

== ప్రాకే బటర్‌కప్ లక్షణాలు ==

ఈ మొక్క పచ్చిక బటర్‌కప్ కంటే పొట్టిది. పూసే కాండాలు సాధారణంగా 15 నుండి 60 సెంటీమీటర్ల వరకు లేస్తాయి. మొక్క మొదలు నుండి పొడవైన రన్నర్లు నేల మీదుగా నలువైపులా ప్రాకుతాయి. రన్నర్ కణుపులు తగిలినచోట వేళ్ళు దిగి, కొత్త మొక్క పుడుతుంది.

ఆకు మూడు పత్రకాలుగా విడివడి ఉంటుంది. మధ్య పత్రకానికి స్పష్టమైన కాడ ఉంటుంది. అందువలన అది మిగిలిన రెండింటి నుండి ముందుకు జరిగినట్లు కనిపిస్తుంది. చాలా మొక్కలలో ఆకులపై లేత రంగు మచ్చలు కనిపిస్తాయి. పూలకాడపై నిలువు గాళ్ళు ఉంటాయి. పువ్వు వెడల్పు సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. రక్షక పత్రాలు ఇందులో కూడా కిందికి ముడుచుకోవు. పుష్పాసనం మీద నూగు ఉంటుంది.

== రెండింటినీ గుర్తించే విధానం ==

| లక్షణం | పచ్చిక బటర్‌కప్ | ప్రాకే బటర్‌కప్ |
|---|---|---|
| పెరిగే తీరు | నిటారుగా, ఎత్తుగా | పొట్టిగా, నేలపై పరచుకొని |
| రన్నర్లు | ఉండవు | ఉంటాయి, కణుపుల వద్ద వేళ్ళు దిగుతాయి |
| ఆకు మధ్య భాగం | కాడ ఉండదు | కాడ ఉంటుంది |
| పూలకాడ | గుండ్రంగా, గాళ్ళు లేకుండా | నిలువు గాళ్ళతో |
| పుష్పాసనం | నూగు లేనిది | నూగు గలది |
| క్రోమోసోములు | 14 | 32 |
| ప్రధాన వ్యాప్తి | విత్తనాల ద్వారా | రన్నర్ల ద్వారా |
| విషతీవ్రత | ఎక్కువ | తక్కువ |

పొలంలో వీటిని గుర్తించడానికి సులభమైన పద్ధతి పూలకాడను వేళ్ళ మధ్య మెల్లగా తిప్పి చూడడం. గాళ్ళు తగిలితే అది పచ్చిక బటర్‌కప్ కాదు. ఆ తరువాత మొక్క మొదట్లో రన్నర్లు ఉన్నవో లేవో చూడాలి. వసంతారంభంలో రన్నర్లు ఇంకా పెరగని మొక్కలు ఉంటాయి. అటువంటప్పుడు ఆకు మధ్య భాగానికి కాడ ఉన్నదీ లేనిదీ చూసి నిర్ణయించవచ్చు. పరీక్షించిన పిమ్మట చేతులు కడుక్కోవాలి.

=== మూడవ జాతి ===

ఈ రెండింటితో పాటు తరచుగా కనిపించే మరొక జాతి దుంప బటర్‌కప్ (రానన్‌కులస్ బల్బోసస్). దీని పూలకాడకు కూడా గాళ్ళు ఉంటాయి కనుక దీనిని ప్రాకే బటర్‌కప్ అని పొరబడే అవకాశం ఉంది. అయితే దీనికి రన్నర్లు ఉండవు. కాండం మొదలు నేల లోపల కందం వలె ఉబ్బి ఉంటుంది. పువ్వు విచ్చుకున్నప్పుడు రక్షక పత్రాలు పూర్తిగా కిందికి ముడుచుకొని కాడను తాకుతాయి. పువ్వును తిరగవేసి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

== ఆవాసం ==

పచ్చిక బటర్‌కప్ తేమ ఉన్నప్పటికీ నీరు నిలవని పచ్చికబయళ్ళలో, గడ్డి కోసే పొలాలలో, రోడ్ల పక్కన బాగా పెరుగుతుంది. ఎడతెగని తొక్కిడిని ఇది తట్టుకోలేదు. ప్రాకే బటర్‌కప్ బరువైన నేలలను, నీరు నిలిచే పల్లపు చోట్లను, తొక్కిడిని కూడా తట్టుకొంటుంది. గుంటల అంచులు, తోటలు, దున్ని వదిలిన నేలలు, గేట్ల వద్ద పశువులు తొక్కిన బురద నేలలు దీనికి అనుకూలం.

ఈ భేదాన్ని చక్కగా చూపే ఉదాహరణ ఇంగ్లండులోని పాత పచ్చికబయళ్ళలో లభిస్తుంది. మధ్యయుగాలలో నాగలితో దున్నినప్పుడు ఏర్పడిన బోదెలు, వాటి మధ్య పల్లాలు ఆ పొలాలలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అటువంటి పొలాలలో మూడు బటర్‌కప్ జాతులు ఎత్తును బట్టి వేరువేరు వరుసలలో పెరుగుతాయని జాన్ హార్పర్, సాగర్ అనే శాస్త్రజ్ఞులు 1953లో తెలియజేశారు. నీరు త్వరగా ఇంకిపోయే బోదె తలపై దుంప బటర్‌కప్, బోదె వాలుపై పచ్చిక బటర్‌కప్, నీరు నిలిచే పల్లంలో ప్రాకే బటర్‌కప్ ప్రధానంగా కనిపిస్తాయి. కొన్ని అడుగుల దూరంలోనే నేల తేమను బట్టి దగ్గరి బంధువులైన జాతులు చోటును ఎలా పంచుకుంటాయో ఈ ఉదాహరణ తెలుపుతుంది. జీవావరణ శాస్త్ర బోధనలో ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ.

== ప్రత్యుత్పత్తి ==

మెక్సికోకు చెందిన జీవావరణ శాస్త్రవేత్త హొసే సారుఖాన్ ఉత్తర వేల్స్‌లో హార్పర్ వద్ద పరిశోధన చేశాడు. ఒక పచ్చికబయలులో ఈ మూడు జాతుల మొక్కలను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి, వాటి జనన మరణాలను జనాభా లెక్కల వలె నమోదు చేశాడు. ఈ ఫలితాలను ఇద్దరూ కలసి 1973లో ప్రచురించారు. మొక్కల జనాభా అధ్యయనానికి పునాది వేసిన పరిశోధనలలో ఇది ఒకటి.

ఈ పరిశోధన ప్రకారం పచ్చిక బటర్‌కప్ ప్రధానంగా విత్తనాల ద్వారా వృద్ధి చెందుతుంది. పొట్టి కొమ్ము చీలి కొత్త మొక్కలు ఏర్పడడం కొద్దిగా మాత్రమే జరుగుతుంది. ప్రాకే బటర్‌కప్ ప్రధానంగా రన్నర్ల ద్వారా, అనగా శాఖీయ ప్రత్యుత్పత్తి ద్వారా వృద్ధి చెందుతుంది. వేసవిలో రన్నర్లపై పిల్లమొక్కలు పుడతాయి. శీతాకాలం వచ్చేసరికి మధ్యనున్న తీగలు ఎండిపోయి, ప్రతి పిల్లమొక్క స్వతంత్రమవుతుంది. ఒక్కొక్క మొక్క ఆయుష్షు తక్కువే. కానీ తల్లి మొక్క చనిపోయినా దాని జన్యువులే గల సంతానం పక్కన జీవిస్తూ ఉంటుంది. ప్రాకే బటర్‌కప్ విత్తనాలు కూడా వేస్తుంది. అవి మట్టిలో అనేక సంవత్సరాలు సజీవంగా ఉండగలవు. నేలను తవ్వినప్పుడు అవి మొలకెత్తుతాయి.

=== పచ్చికబయలు వయసు ===

శాఖీయ ప్రత్యుత్పత్తి వలన మరొక ఆసక్తికరమైన ఫలితం ఏర్పడుతుంది. బటర్‌కప్ పువ్వుకు సాధారణంగా 5 ఆకర్షక పత్రాలు ఉంటాయి. ప్రాకే బటర్‌కప్‌లో అప్పుడప్పుడు అంతకంటే ఎక్కువ గల పువ్వులు కనిపిస్తాయి. తరతరాలుగా రన్నర్ల ద్వారానే పెరిగే మొక్కలలో ఉత్పరివర్తనలు పోగుపడడం దీనికి కారణం కావచ్చునని భావిస్తున్నారు. పాత పచ్చికబయళ్ళలో ఇటువంటి మొక్కలు ఎక్కువగా ఉంటాయని 2009లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. దాని ప్రకారం నూటికి ఒక మొక్క అదనపు ఆకర్షక పత్రాలతో ఉంటే సుమారు 7 సంవత్సరాల వయసుగా లెక్కించవచ్చు. ఉదాహరణకు 100 మొక్కలలో 10 మొక్కలకు అదనపు ఆకర్షక పత్రాలు ఉంటే ఆ పచ్చికబయలు వయసు సుమారు 70 సంవత్సరాలు. సుమారు 200 సంవత్సరాల లోపు వయసు గల పచ్చికబయళ్ళకు ఈ లెక్క వర్తిస్తుంది. పాత పచ్చికబయళ్ళు వేగంగా తగ్గిపోయిన బ్రిటన్‌లో, పత్రాలలో చరిత్ర దొరకని పొలం వయసును అంచనా వేయడానికి ఇది సులభమైన సాధనం.

== పరాగ సంపర్కం ==

రెండు జాతుల పువ్వులూ ప్రధానంగా మే నుండి ఆగస్టు వరకు కనిపిస్తాయి. ఈగలు, తేనెటీగలు, పెంకు పురుగులు వీటిపై వాలుతాయి. పువ్వు తెరచి ఉండే గిన్నె ఆకారంలో ఉన్నందున అనేక రకాల కీటకాలకు మకరందం, పుప్పొడి సులభంగా అందుతాయి. కానీ పుప్పొడి అందరికీ పనికిరాదు. యూరప్‌లోని చెలోస్టోమా ఫ్లోరిసోమ్ని అనే ఒంటరి తేనెటీగ తన పిల్లలకు బటర్‌కప్ పుప్పొడినే ఆహారంగా సేకరిస్తుంది. ఇతర పూలపై ఆధారపడే కొన్ని ఒంటరి తేనెటీగల పిల్లపురుగులు కేవలం బటర్‌కప్ పుప్పొడి పెట్టినప్పుడు ఎదగలేకపోయాయని ప్రయోగాలలో తేలింది.

== విషగుణం ==

రెండు మొక్కలలోనూ రానన్‌కులిన్ అనే గ్లైకోసైడు ఉంటుంది. ఇది స్వయంగా మంట పుట్టించదు. ఆకును నమిలినప్పుడు లేదా నలిపినప్పుడు కణాలు పగిలి, ఎంజైము చర్యతో ఇది ప్రోటోఅనిమోనిన్ అనే నూనె వంటి పదార్థంగా మారుతుంది. ఈ ప్రోటోఅనిమోనిన్ ఘాటుగా ఉండి, చర్మంపై, నోటిలో, పేగులలో బొబ్బలు, పుండ్లు కలిగిస్తుంది.

పచ్చిక బటర్‌కప్‌లో ఈ పదార్థం ఎక్కువ. ప్రాకే బటర్‌కప్‌లో బాగా తక్కువ. పూత సమయంలో దీని మోతాదు ఎక్కువగా ఉంటుంది. పచ్చి మొక్కను తిన్న ఆవులు, గుర్రాలు, గొర్రెలలో నోటి నుండి చొంగ కారడం, నోటిలో బొబ్బలు, కడుపునొప్పి, విరేచనాలు కనిపిస్తాయి. పాడి పశువుల పాలకు చేదు రుచి వస్తుంది. ఘాటు కారణంగా పశువులు సాధారణంగా ఈ మొక్కను వదిలివేస్తాయి. మేత కొరత ఉన్నప్పుడు, అతిగా మేసిన పొలాలలో మాత్రమే తింటాయి. అందువలన పశువు బటర్‌కప్ తినడం ఆ పొలంలో మేత చాలడం లేదనడానికి సూచన.

ఎండుగడ్డిలో ఈ ప్రమాదం ఉండదు. మొక్క ఎండినప్పుడు ప్రోటోఅనిమోనిన్ అణువులు రెండేసి కలసి అనిమోనిన్ అనే పదార్థంగా మారతాయి. దానికి మంట పుట్టించే గుణం లేదు. కనుక బటర్‌కప్ కలిసిన గడ్డిని కోసి బాగా ఎండబెట్టి మేపవచ్చు. సరిగా ఎండని గడ్డి విషయంలో జాగ్రత్త అవసరం.

మనుషులకు కూడా పచ్చి రసం తగిలిన చోట చర్మం ఎర్రబడి బొబ్బలెక్కవచ్చు. పూర్వం యూరప్‌లో కొందరు బిచ్చగాళ్ళు జాలి కలిగించడానికి బటర్‌కప్ రసంతో ఒంటిపై పుండ్లు తెప్పించుకొనేవారని పాత మూలికా గ్రంథాలలో ఉంది. ఈ మొక్కల పచ్చి ఆకులను ఆకుకూరగా గాని, ఇంటి వైద్యంగా గాని వాడరాదు.

== కలుపుమొక్కలుగా ==

రెండు జాతులూ మానవుల ద్వారా ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు చేరి అక్కడ స్థిరపడ్డాయి. న్యూజిలాండ్‌లో పచ్చిక బటర్‌కప్‌ను 'జెయింట్ బటర్‌కప్' అంటారు. అక్కడి పాడి పొలాలలో ఇది పెద్ద సమస్య. ఆవులు దీనిని వదిలి పక్కనున్న గడ్డిని మేస్తాయి. దానితో గడ్డి తగ్గి, బటర్‌కప్ పెరుగుతుంది. కలుపు నివారణకు ఎం.సి.పి.ఎ అనే మందును ఏళ్ళ తరబడి చల్లినచోట, ఆ మందును తట్టుకొనే మొక్కలు 20వ శతాబ్దం చివరి నాటికే బయటపడ్డాయి.

ప్రాకే బటర్‌కప్ తోటలలో, తడి నేలలలో సమస్య. దీనిని తవ్వేటప్పుడు రన్నర్ ముక్కలు మిగిలితే ఒక్కొక్క కణుపు నుండి మరల మొక్క లేస్తుంది. యంత్రంతో నేలను తిరగవేస్తే ముక్కలు పొలమంతా పరచుకొని సమస్య పెరిగే ప్రమాదం ఉంది.

జాతిని బట్టి నివారణ పద్ధతి మారుతుంది:

* పచ్చిక బటర్‌కప్ విత్తనాలతో వ్యాపిస్తుంది కనుక విత్తనం ముదరక ముందే గడ్డి కోయడం ఉపయోగకరం.
* ప్రాకే బటర్‌కప్ విషయంలో కోత వలన ప్రయోజనం తక్కువ. రన్నర్లు కోత ఎత్తుకు కిందనే ఉంటాయి. రన్నర్లతో, వేళ్ళతో సహా పెరికివేయాలి.
* నీరు నిలవకుండా కాలువలు తీయడం ప్రాకే బటర్‌కప్‌ను బలహీనపరుస్తుంది.
* అతిగా మేపకుండా గడ్డిని దట్టంగా ఉంచడం రెండింటికీ వర్తిస్తుంది. ఖాళీ నేల దొరికినప్పుడే ఇవి ఎక్కువగా వ్యాపిస్తాయి.

అయితే జన్మస్థానమైన యూరప్‌లో వీటిని పూర్తిగా తొలగించాలని ఎవరూ కోరరు. సహజమైన పచ్చికబయలు పూలలో ఇవి ముఖ్యమైనవి, అనేక కీటకాలకు ఆధారం. ముద్ద పూలు పూసే రకాలను తోటలలో అలంకరణకు పెంచుతారు.

== భారతదేశంలోని బంధువులు ==

రానన్‌కులస్ ప్రజాతిలో అనేక జాతులు హిమాలయాలలో పెరుగుతాయి. ఉత్తర భారత మైదానాలలో నది ఒడ్డున, తడి నేలలలో కనిపించే రానన్‌కులస్ స్కెలెరాటస్‌ను హిందీలో 'జల్‌ధనియా' అంటారు. దీని పువ్వులు చిన్నవి. 'నీటి కొత్తిమీర' అని అర్థం వచ్చే పేరు ఉన్నా ఇది తినదగినది కాదు. ఈ ప్రజాతిలో మిక్కిలి ఘాటైన జాతులలో ఇది ఒకటి.

తెలుగువారికి పరిచయమైన నల్ల జీలకర్ర (నైజెల్లా సటైవా), ఆయుర్వేదంలో పేర్కొన్న వత్సనాభి, అతివస కూడా రానన్‌కులేసి కుటుంబానికి చెందినవే. వత్సనాభి ప్రాణాంతకమైన విషం. నల్ల జీలకర్ర వంటింటి దినుసు. ఒకే కుటుంబానికి చెందినంత మాత్రాన మొక్కల గుణాలు ఒకటిగా ఉండవని వీటి వలన తెలుస్తుంది. ఒకే ప్రజాతికి చెందిన పచ్చిక బటర్‌కప్, ప్రాకే బటర్‌కప్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది.

== ఇవి కూడా చూడండి ==

* రానన్‌కులేసి
* నల్ల జీలకర్ర
* వత్సనాభి
* శాఖీయ ప్రత్యుత్పత్తి
* కలుపుమొక్క